ఎడమచేతి తాంబూలం

మా ఊరు నల్లమాడ. 2022 నుంచి కాగితాల్లో శ్రీసత్యసాయి జిల్లా అయింది గానీ, మా నోటికి మాత్రం ఇంకా అనంతపురం జిల్లానే. ఏడాదికి సగటున అయిదున్నర వందల మిల్లీమీటర్ల వాన అని లెక్కలు చెప్తాయి. ఆ సగటు వాన ఏ ఏడు పడుతుందో, ఏ ఏడు ఎగ్గొడుతుందో ఆ దేవుడికే ఎరుక. ఇలాంటి ఊళ్ళో ఉగాది వెళ్ళగానే మా అత్తగారు ఇంటిముందు వేపచెట్టు కింద చలివేంద్రం పెట్టేవారు. కింద ఇసుక పోసి, తడిపి, దానిమీద నాలుగు కొత్త కుండలు. కుండలకు తడిగుడ్డలు. పొడుగు కాడ గరిటె, రెండు గ్లాసులు. పక్కనే పశువులకు రాతితొట్టి. కదిరి బస్సు దిగినవాళ్ళంతా ఒక్క నిమిషం అక్కడ ఆగి గొంతు తడుపుకుని పోయేవాళ్ళు.

నేను కాపురానికి వచ్చిన మొదటి ఎండాకాలమే ఒకావిడ నా చెవిన వేసింది. "మీ యత్తకు ఏదో దోషం ఉండాదిలే పాపా. వాళ్ళత్త పోయేటప్పుడు గొంతులో చుక్క నీళ్ళు పోయలేదంట. అందుకే ఊరందరికీ పోస్తాండాది."

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ ముసలావిడ పోయింది పట్నంలో ఆసుపత్రిలో. మా అత్తగారు అప్పుడు పచ్చి బాలింత, ఇల్లు కదిలే పరిస్థితి లేదు. అయినా ఆ మాట మాత్రం నలభై ఏళ్ళపాటు ఆ కుండల చుట్టూ తిరుగుతూనే ఉంది. మా మామగారు ఊరి బడిలో బోరు వేయిస్తే ఆయన పేరు రాతిమీద చెక్కారు. ఆయన ఏ దోషానికి వేయించారని ఒక్కరూ అడగలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ మధ్య మంగమ్మగారి కథ చదువుతూ మళ్ళీ మళ్ళీ ఆ కుండల దగ్గరికే వచ్చి ఆగాను. మంగమ్మంటే మధుర రాణి మంగమ్మ. అరవం వాళ్ళు మంగమ్మాళ్ అంటారు.

ఆవిడ సంగతి నాకు మొదట తెలిసింది పుస్తకంలో కాదు. చాలా ఏళ్ళ కిందట అత్తగారిని తీసుకుని రామేశ్వరం బయల్దేరి దారిలో మధురలో దిగాం. స్టేషన్ ఎదురుగానే పెద్ద సత్రం. ఎవరు కట్టించారని అడిగితే, మాకు ఊరు చూపించడానికి కుదిరిన మనిషి మహా ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. మంగమ్మ రాణి ఒకరోజు ఏదో ధ్యాసలో ఉండి తాంబూలం ఎడమచేత్తో నోట్లో వేసుకుందట. అయ్యో, ఎంత పాపం జరిగిపోయిందని కుమిలిపోయి పండితులను పిలిపించిందట. దానధర్మాలు చేస్తే దోషం పోతుందన్నారట వాళ్ళు. అందుకని సత్రాలు కట్టించి, బాటలు వేయించి, చెట్లు నాటించి, చెరువులు తవ్వించిందట.

మా అత్తగారు అంతా విని సత్రం గోడకేసి కాసేపు చూశారు. తర్వాత నావైపు తిరిగి, "ఒక్క ఆకు వక్కకు ఇన్ని రాళ్ళు మోయించినారా పాపా ఆయమ్మతో?" అన్నారు.

అప్పుడు నవ్వేశాను. ఇప్పుడు ఆలోచిస్తే, మంగమ్మ కథమీద నేను చదివిన విమర్శలన్నిటికంటే ఆ ఒక్క ప్రశ్నే పదునైందనిపిస్తుంది.

ముందు ఆవిడ ఎవరో నాలుగు మాటల్లో చెప్పుకుందాం. మధుర నాయకులు తెలుగువాళ్ళు. విజయనగరం పంపగా వెళ్ళి అక్కడ రాజ్యం నిలుపుకున్నవాళ్ళు. మంగమ్మ తుపాకుల లింగమనాయకుడి కూతురు, చొక్కనాథనాయకుడి భార్య. 1682లో భర్త పోయాడు. సహగమనాలు ఘనంగా చెప్పుకునే కాలం అది. ఆవిడ మాత్రం చితి ఎక్కలేదు, కొడుకుకోసం బతికింది. ఆ కొడుకు రంగకృష్ణ ముత్తువీరప్ప ఏడేళ్ళు ఏలి, 1689లో మశూచితో పోయాడు. అప్పటికి కోడలు నిండు గర్భిణి. నేనూ పోతానని పట్టుపట్టిన పిల్లను బిడ్డ పుట్టేదాకానైనా ఆగమని మంగమ్మ బతిమాలి ఆపిందంటారు. మగబిడ్డ పుట్టాడు. ఆ తర్వాత కోడలు ఎలాగో ప్రాణం తీసుకుంది. ఇల్లాళ్ళం మనం కాసేపు పుస్తకం మూసి ఆలోచించుకోవలసిన చోటు ఇది. భర్త లేడు, కొడుకు లేడు, కోడలు లేదు. చేతిలో పసిగుడ్డు, నెత్తిన రాజ్యం.

ఆ పసివాడి పేర సుమారు పదిహేనేళ్ళు ఆవిడే ఏలింది. ఔరంగజేబు సేనలు దక్షిణాదికి దిగితే ఎదురునిలిచి నాశనమైపోకుండా కప్పం కట్టి ఇల్లు కాపాడుకుంది. తిరువాన్కూరు మీదికీ, తంజావూరు మీదికీ దండు పంపింది. అన్నీ గెలుపులేనని చెప్పను. 1702లో రామనాథపురం సేతుపతితో జరిగిన యుద్ధంలో ఓడింది. ఆవిడకు కుడిభుజంలాంటి దళవాయి నరసప్పయ్య అందులోనే పోయాడు.

నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి వేరే ఉంది. మైసూరు చిక్కదేవరాయలు కావేరికి అడ్డంగా ఆనకట్ట కట్టించాడు. కింద తంజావూరు, తిరుచినాపల్లి పొలాలు ఎండిపోసాగాయి. తంజావూరు వాళ్ళతో మధురకు ఎప్పటి పగో. మంగమ్మ మామూలుగా పగబట్టే మనిషే అయితే, పొరుగువాడి పొలం ఎండితే ఎండనీ అనుకునేది. అలా అనుకోలేదు. నిన్నటిదాకా కత్తులు దూసుకున్న ఇద్దరూ నీళ్ళకోసం ఒక్కటై మైసూరు మీదికి బయల్దేరబోయారు. ఈలోగా పెద్దవాన కొట్టి ఆ కట్ట దానంతటదే కొట్టుకుపోయింది. యుద్ధం తప్పింది. వీధి కొళాయి దగ్గర బిందెల కోసం జుట్లు పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు, ట్యాంకరు రాని రోజున కలిసి వెళ్ళి పంచాయతీ ఆఫీసు ముందు కూర్చోవడం మా ఊళ్ళో చూశాను. మంగమ్మ నాకు ఆ ఇద్దరిలో ఒకతెలా కనిపించింది.

ఇంత చేసిన మనిషిని జనం దేనితో గుర్తు పెట్టుకున్నారు? ఎడమచేతి తాంబూలంతో.

ఇంగ్లీషు దొరల గ్రంథాల్లోకి కూడా ఈ కథ ఎక్కింది. ఫ్రాన్సిస్ అనే దొర 1906లో మధుర జిల్లా గెజెటీరు రాస్తూ దీన్ని చెప్పాడు. అంతకు కొంచెం ముందే ఆయన మన అనంతపురం జిల్లా గెజెటీరూ రాశాడు. అంటే మా చెరువులూ ఆవిడ సత్రాలూ ఒకే కలం కింద నుంచి వెళ్ళాయన్నమాట.

నేను కథను కొట్టిపారేయడం లేదు. తాంబూలం సంగతి జరిగిందో లేదో ఎవరం చూశాం గనక! నా పేచీ జరగడం గురించి కాదు, అల్లిక గురించి. చిన్నప్పుడు మనమందరం బళ్ళో వల్లెవేశాం గుర్తుందా, అశోకుడు చెట్లు నాటించాడని? ఆయన వెనక కళింగ యుద్ధం ఉంది. లక్షమంది చచ్చారని ఆయనే రాతిమీద రాయించుకున్నాడు. పశ్చాత్తాపం అంటే అది పశ్చాత్తాపం. అయినా మన వాచకాలకు ఆయన చెట్లు నాటించిన మహారాజే. మంగమ్మ కూడా చెట్లు నాటించింది. కన్యాకుమారి దాకా ఆవిడ వేయించిన బాటకు ఆవిడ పేరే ఉండేది. కానీ ఆవిడ చెట్లకు వేరులో పాపం కావలసి వచ్చింది. ఆయనకు లక్ష ప్రాణాలు, ఈవిడకు ఒక తమలపాకు. తూకం చూశారా!

మగవాడు బావి తవ్విస్తే దాతృత్వం. ఆడది తవ్విస్తే, ఎందుకు తవ్వించింది, లోపల ఏముందో అని అందరికీ అనుమానం. దాహం వేసినవాడికి నీళ్ళివ్వాలని ఆడదానికి ఊరికే తోచకూడదా? రామేశ్వరం పోయే బాటసారుల కాళ్ళు కాలతాయని అంతఃపురంలో కూర్చున్న మనిషికి తెలియకూడదా? ఈ కథ చేసిన అసలు అన్యాయం ఆవిణ్ణి చెడ్డదాన్ని చేయడం కాదు. ఆవిడ ఆలోచనను ఆవిడ దగ్గర్నుంచి లాగేసి, ప్రాయశ్చిత్తం చెప్పిన పండితుల చేతిలో పెట్టడం. కట్టించింది ఆవిడ, తోచింది వాళ్ళకు!

ఇంకొక రకం కథ ఉంది. దానికోసం మధురదాకా పోనక్కర్లేదు, మా జిల్లాలోనే ఉంది. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు. కట్ట తెగబోతే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ తనను తాను గండికి బలి ఇచ్చుకుని ఊరిని కాపాడిందని ఐతిహ్యం. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిగా ఉండగా 1899లో దీన్నే 'ముసలమ్మ మరణము' అనే కావ్యంగా రాశారు. విషాదాంతంగా, మామూలు రైతుకుటుంబం కోడలు నాయికగా రాసి మన కవిత్వానికి కొత్తదారి చూపారని పెద్దలంతా మెచ్చుకుంటారు. మెచ్చుకోదగిందే. చదివినప్పుడల్లా నాకూ కళ్ళు తడుస్తాయి. కానీ కళ్ళు తుడుచుకున్నాక ఒకటి అనిపిస్తుంది. ఆ ఊళ్ళో రైతులున్నారు, పారలున్నాయి, రాళ్ళున్నాయి, మట్టి ఉంది. గండి మాత్రం ఒక కోడలితోనే పూడాలి! కావ్యం పేరులోనే ఆవిడ మరణం ఉంది చూడండి. బతికుండగా ఆ పిల్ల ఎన్ని బిందెలు మోసిందో, ఏ పొలంలో కలుపు తీసిందో మనకు అక్కర్లేదు.

అంటే మన కథల్లో నీళ్ళ దగ్గర ఆడమనిషికి రెండే తావులు. చచ్చి చెరువు నిలబెట్టాలి, లేదా తప్పుచేసి చెరువు తవ్వించాలి. మామూలుగా బతికి, మామూలు బుద్ధితో, ఇక్కడ ఒక చెరువుంటే బాగుండునని తవ్వించిన ఆడదానికి కథ లేదు. పేరైనా మిగులుతుందా అంటే అదీ అనుమానమే. అనంతపురానికి ఆ పేరు అనంతసాగరం అనే చెరువునుంచి వచ్చింది. బుక్కరాయల కాలంలో చిక్కవొడెయ అనే మంత్రి తవ్వించాడంటారు. అనంత అనేది బుక్కరాయల రాణి పేరని కొందరు, కాదు ఆ మంత్రి పేరులోనే అనంతరసు ఉంది, అదే చెరువుకు పెట్టుకున్నాడని కొందరు. ఊరు ఊరంతా రోజూ పలికే పేరు ఒక ఆడమనిషిదో కాదో చెప్పలేకుండా ఉన్నాం!

మంగమ్మ కాలంలోనే జర్మనీలో ఇంకొక దొరసాని ఉండేది. హానోవరు రాజ్యం ఏలినవాడి భార్య, పేరు సోఫియా. పుట్టింది 1630లో. లైబ్నిట్సు అనే మహాతత్త్వవేత్త ఆ కొలువులో ఉండేవాడు. ఆవిడ అతనితో ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిపింది. హెరెన్‌హౌజన్ అనే చోట గొప్ప ఉద్యానవనం పెంచింది, ఇప్పటికీ ఉందది. 1701లో మన మంగమ్మ మధుర ఏలుతున్న రోజుల్లోనే, ఇంగ్లండు పార్లమెంటు తమ సింహాసనానికి తర్వాతి వారసురాలు సోఫియానేనని చట్టం చేసింది. తీరా ఆవిడ ఎక్కకుండానే, 1714 జూన్‌లో, తన తోటలో షికారు చేస్తూ ఉండగా వాన వచ్చిందట. తలదాచుకుందామని గబగబా నడిచి, కుప్పకూలి పోయింది. అప్పటికి ఎనభై మూడేళ్ళు. వాన వస్తే పరిగెత్తి చచ్చిపోవడం మా సీమవాళ్ళకు ఊహకందే సంగతి కాదు. మేమైతే నడివీధిలో నిలబడి తడుస్తాం. రెండు నెలల్లోపే ఆవిడ కొడుకు మొదటి జార్జిగా ఇంగ్లండు రాజయ్యాడు. ఆ వంశంలోని మూడో జార్జి కాలంలోనే, 1800లో, నిజాం మా సీమను కంపెనీవాళ్ళకు దత్తం చేశాడు. ఎక్కడి సోఫియా, ఎక్కడి నల్లమాడ!

ఈ సోఫియా ఒక పని చేసింది. 1680లో ఆవిడ అక్కా అన్నా వరసగా పోయారు. భర్త ఊళ్ళో లేడు. ఆ చలికాలంలో దిగులు మరిచిపోవడానికి కూర్చుని తన జీవితకథ తానే రాసుకుంది. అందువల్ల ఈనాడు ఎవరు ఆవిడ గురించి ఏ కట్టుకథ చెప్పినా, "ఉండండి, ఆవిడ ఏమందో చూద్దాం" అనడానికి వీలుంది. మంగమ్మకూ దిగుళ్ళు తక్కువ కాలేదు. కానీ ఆవిడ తనగురించి చెప్పుకున్న మాట ఒక్కటీ మన చేతికి రాలేదు. ఆ కాలపు జెస్యూట్ పాదిరీలు ఉత్తరాల్లో రాశారు. శాసనాలున్నాయి. మీనాక్షి గుడిలో కోనేటి పక్కన ఊంజల్ మండపం మీద మనవడితో పాటు ఆవిడ బొమ్మ ఉంది. అన్నీ బయటినుంచి చూసినవే. బొమ్మ పక్కనే నిలబడి ఎంతసేపు చూసినా అది పెదవి విప్పదు కదా.

మన సాహిత్యచరిత్రలు కూడా ఆవిణ్ణి గడప బయటే నిలబెట్టాయి. ఆవిడ పెంచిన మనవడు విజయరంగ చొక్కనాథుడి కొలువు తెలుగు వచనానికి పెద్ద పుట్టిల్లని అందరూ రాస్తారు. నిజమే. ఆయనే శ్రీరంగమాహాత్మ్యం, మాఘమాహాత్మ్యం వచనంలో రాశాడు. సముఖము వేంకటకృష్ణప్పనాయకుడు జైమినిభారతం వచనంగా రాసింది ఆ కొలువులోనే. పద్యమే కావ్యమనుకునే రోజుల్లో అరవదేశం నడిబొడ్డున తెలుగు వచనం అలా కాళ్ళూనుకోవడం చిన్న విషయం కాదు. కానీ అడగండి, ఆ పిల్లవాడు తల్లీతండ్రీ లేకుండా పెరిగి పెద్దవాడై, తీరిగ్గా కూర్చుని మాహాత్మ్యాలు రాసుకోవడానికి ఒక రాజ్యమంటూ మిగిల్చింది ఎవరు? పక్కనున్న తంజావూరును చూస్తే తెలుస్తుంది. అక్కడ విజయరాఘవనాయకుడి కొలువులో రంగాజమ్మ వంటి కవయిత్రి 'మన్నారుదాస విలాసం' రాసింది, కనకాభిషేకం అందుకుంది. 1673లో ఆ కోట పడింది. పడగొట్టింది ఎవరో కాదు, మంగమ్మ భర్త చొక్కనాథుడే. కొద్ది ఏళ్ళకు ఊరు మరాఠాల వశమైంది, నాయకరాజుల కొలువు చెదిరిపోయింది. కోట నిలబడితేనే కవిత నిలబడుతుంది. మనవడి వచనం గురించి పేజీలు రాసేటప్పుడు అవ్వ కాపాడిన పదిహేనేళ్ళ గురించి ఒక్క పేరా రాస్తే సిరా అయిపోతుందా?

ఆ మనవడే చివరికి ఆవిణ్ణి బంధించాడని, ఆహారం కంటికి కనిపించేలా పెట్టి చేతికి అందకుండా చేసి చంపారని మధురలో ఇంకొక కథ. దానికి ముందుమాటగా ఒక మంత్రితో ముడిపెట్టిన పుకారు. పగ్గాలు తిరిగి ఇవ్వడానికి ఆవిడ ఇష్టపడలేదా, కొత్తగా చుట్టూ చేరినవాళ్ళు కుర్రవాణ్ణి ఎగదోశారా అన్నది తేల్చేందుకు గట్టి ఆధారం లేదు. కానీ పుకారుకు ఆధారం కావాలని ఎవరన్నారు? పదిహేనేళ్ళు కావేరికీ కప్పాలకీ మధ్య నలిగిన మనిషిని మనం ఆకు వక్కతో మొదలుపెట్టి ఆకలితో ముగించాం.

ఇంతా రాశాక అత్తగారి మాట ఇంకొకటి గుర్తుకొచ్చి నన్ను నేనే సరిదిద్దుకోవలసి వచ్చింది. రామేశ్వరం నుంచి తిరిగొస్తూ రైల్లో నేను ఆ తాంబూలం కథను వెటకారం చేస్తే ఆవిడ ఒప్పుకోలేదు. "అట్ల అనాకు. ఆ కథ చెప్పుకునింది మనలాంటోళ్ళే అయ్యుంటారు. ఎడమచెయ్యి తగిలితే మనకు పడే తిట్లు రాణికీ పడినాయని చెప్పుకుని, ఆయమ్మను మనలో కలుపుకున్నారేమో" అన్నారు. అందులోనూ నిజం ఉంది. వేలమంది ఆడవాళ్ళు మూడు వందల ఏళ్ళు నోటితో మోసిన కథలో వాళ్ళ బాధ ఎంతోకొంత అంటుకోకుండా ఉంటుందా? అందుకే కథను పారేయమని నేననను. పిల్లలకు చెప్పేటప్పుడు పక్కన ఆనకట్ట కథ కూడా చెప్పమంటాను. కన్యాకుమారి బాట గురించి చెప్పమంటాను. పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని రాజ్యం ఏలిన ముచ్చట చెప్పమంటాను. తాంబూలం వాటి తర్వాత వస్తే దాని లెక్క అదే చిన్నదైపోతుంది.

అత్తగారు పోయి ఆరేళ్ళయింది. చలివేంద్రం నేనే పెడుతున్నాను. కుండల పక్కన ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బా నీళ్ళు కూడా పెట్టమంటున్నారు పిల్లలు, సరేనన్నాను. మొన్న ఉగాది మర్నాడు ఇసుక తడుపుతుంటే బస్సు దిగిన ఒక పెద్దాయన గ్లాసెడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "ఏం మొక్కు తల్లీ, ఏమన్నా దోషమా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

"ఏమీ లేదు నాయనా, ఎండగా ఉంది గదా అని" అన్నాను.

ఆయన నమ్మినట్టు కనిపించలేదు. అయినా ఇంకో గ్లాసు తాగి వెళ్ళాడు.